రెండు డయళ్ల గోడ గడియారం: ఎడమ వైపు రాజోలు, కుడి వైపు కువైట్

రాజోలు దగ్గర మా ఊరి ఇంటి సావిట్లో గత దీపావళికి తగిలించిన ఈ గడియారాన్ని అమలాపురంలో ఒక దుకాణంలో 1,450 రూపాయలకు కొన్నాను. మా చెల్లెలు ఆరేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. అమ్మ తెల్లవారుజామునే లేచి, వాకిలి ఊడ్చి, గేదె పాలు తీసి, అయిదు గంటలయ్యేసరికి కూతురు గుర్తొచ్చి ఫోను చేసేది. అప్పుడు అక్కడ రాత్రి రెండున్నర. చెల్లెలు ఎన్నడూ విసుక్కోలేదు గాని, నిద్ర చాలని ఆ గొంతు వినలేకనే ఈ గడియారం కోసం వెతికాను.

ఒకే చెక్క ఫ్రేములో పక్కపక్కన రెండు డయళ్లు, ఒక్కొక్కదానికీ వేరే పెన్సిల్ సెల్లు. అంకెలు పెద్దవి కావడంతో శుక్లం ఆపరేషన్ అయిన అమ్మ మంచం మీది నుంచే చదువుకోగలుగుతోంది. అతికించుకోవడానికి ఇచ్చిన ఊళ్ల పేర్లలో లండన్, న్యూయార్క్, దుబాయ్ ఉన్నాయి, కువైట్ లేదు. కోనసీమలో అమ్మే వస్తువుకు ఇది చిన్న లోపం కాదు. మేనకోడలి చేత తెల్ల కాగితం మీద పేరు రాయించి అతికించాను.

మన సమయం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు, కువైట్‌ది మూడు గంటలు ముందు. అక్కడ వేసవికి గడియారాలు జరిపే పద్ధతి లేదు గనుక రెండున్నర గంటల తేడా ఏడాది పొడవునా అలాగే ఉంటుంది. డల్లాస్‌లో పిల్లలున్నవారికి మాత్రం ఇంత సుఖం ఉండదు; మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ముల్లు జరపాలి, పైగా 12 గంటల డయలు అక్కడ పగలో రాత్రో చెప్పదు.

భారత కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. అందువల్ల మా ఊళ్లో సూర్యుడికీ గడియారానికీ ఏడాది సగటున మూడు నిమిషాలకు మించి తేడా రాదు. కువైట్ నగరంలో సూర్యుడు సగటున 12 నిమిషాలు ముందుంటాడు. అది మనకంటే బాగా ఉత్తరాన ఉండడంతో జూన్‌లో సుమారు 14 గంటలుండే పగలు డిసెంబరుకు పది గంటల పైచిలుకుకు తగ్గిపోతుంది.

అయితే ఏ వేళకు ఎవరు తీరికగా ఉంటారో డయలు చెప్పదు, దాన్ని మేమే నేర్చుకోవలసి వచ్చింది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించడం అక్కడ నిషేధం. ఎండ తగ్గాకే వీధులు నిండుతాయి. సెలవు శుక్ర, శనివారాలు. అయినా శుక్రవారం బంధువులు వచ్చే రోజు కాబట్టి చెల్లెలికి ఆనాడే పని ఎక్కువ. రంజాన్ నెలలో వంటిల్లు తెల్లవారుజాము దాకా మేలుకొనే ఉంటుంది. ఇదంతా విని అమ్మ, "మనకి కాలవొదిలితే చేలో పని మొదలైనట్టు, దానికి పొద్దుగూకితే మొదలవుద్దన్నమాట" అంది. ఇప్పుడు మామూలు రోజుల్లో సాయంత్రం ఆరున్నరకు, దీపం పెట్టాక ఫోను చేస్తోంది. అక్కడ నాలుగు గంటలు, భోజనాల గిన్నెలు కడిగి కూర్చునే సమయం. ఒక్క నదీ లేని, సముద్రపు నీటిని శుద్ధి చేసి తాగే దేశం నుంచి చెల్లెలు జూన్‌లో తప్పకుండా అడిగే ప్రశ్న, ధవళేశ్వరం నుంచి మన కాలవకు నీళ్లు వచ్చాయా అని.

లోపాలూ చెప్పాలి. కుడి డయలు నెలకు రెండు నిమిషాలు వెనకబడుతోంది. వానాకాలంలో మా ఉప్పుగాలికి సెల్లు పెట్టే చోట చిలుము పట్టి ఒకసారి ఆగిపోయింది; గరుకు కాగితంతో రుద్దితే నడిచింది. కొనేటప్పుడు గ్యారంటీ కార్డు మీద దుకాణం ముద్ర వేయించుకోండి, నేను మరిచిపోయాను. గల్ఫ్‌లో బిడ్డలుండి, ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి ఇంత ధర పెట్టి కొనమనే చెబుతాను.