డబ్లినా, బెల్‌ఫాస్టా, గాల్వేనా: ఐర్లాండ్ పోలీసు నవలల్లో మొదట ఏది చదవాలి?

మా మేనకోడలు సెప్టెంబర్‌లో మాస్టర్స్ కోసం డబ్లిన్ వెళ్తోంది. వెళ్లేలోపు ఆ దేశం గురించి ఏదైనా నవల చదవాలని, అదీ హత్య, పోలీసులు, దర్యాప్తు ఉండే రకం అయితే బాగుంటుందని అడిగింది. "అత్తా, ఎవర్ని అడిగినా ఇన్ ద వుడ్స్ అనే చెప్తున్నారు, అదే మొదలుపెట్టనా?" అంది. వద్దన్నాను. పుస్తకం బాగోలేక కాదు, నేనే రెండుసార్లు చదివాను. కానీ ఈ రకం నవలలు కొత్తగా పట్టుకున్నవాళ్లకి మొదట అదిస్తే సగం మంది చివరి పేజీ దగ్గర దాన్ని గోడకేసి కొడతారు, మిగతా సగం నాకు ఫోన్ చేసి తిడతారు.

ఎందుకో చెప్తాను. టానా ఫ్రెంచ్ 2007లో రాసిన ఆ నవలలో రెండు కేసులున్నాయి. 1984లో డబ్లిన్ శివార్లలో ముగ్గురు పిల్లలు ఆడుకుంటూ అడవిలోకి వెళ్తే ఒక్కడే దొరుకుతాడు, బూట్లలో రక్తం, ఏం జరిగిందో మాత్రం గుర్తులేదు. వాడే పెద్దయ్యాక పేరు మార్చుకుని డిటెక్టివ్ అవుతాడు, సరిగ్గా అదే చోట పన్నెండేళ్ల పిల్ల శవం దొరికితే ఆ కేసు వాడి చేతికే వస్తుంది. ఆ పిల్లల్లో ఒకణ్ణి నేనేనని పై అధికారికి చెప్పి పక్కకి తప్పుకోవాలి కదా, తప్పుకోడు. అక్కణ్ణుంచి కథ దర్యాప్తు మీద కంటే వాడి బుర్ర ఎలా చెదిరిపోతుందన్న దాని మీద ఎక్కువ నడుస్తుంది. కొత్త కేసు తేలుతుంది. పాతదాని సంగతి ఇక్కడ చెప్పను గానీ, కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన మనలాంటివాళ్లకి ఆఖరి అధ్యాయంలో లెక్క మొత్తం తేలాలన్న అలవాటు ఒకటుంది, ఆ అలవాటుతో వెళ్తే దెబ్బ తింటారు, అంతవరకే.

డబ్లినే కావాలంటే అదే రచయిత్రి 2016లో రాసిన ద ట్రెస్పాసర్ తీసుకోండి. వరసలో అది ఆరోది, అయినా పర్వాలేదు, ఎందుకంటే ఈ నవలల్లో ప్రతిదాన్నీ ఒక్కో డిటెక్టివ్ చెప్తారు, ఒకదాంట్లో పక్కన కనబడ్డ మనిషి ఇంకోదాంట్లో కథ నడుపుతారు. ఇందులో చెప్పేది ఆంటోనెట్ కాన్వే. హత్యల విభాగంలో ఉన్న ఒకే ఒక్క ఆడ డిటెక్టివ్, తెల్లజాతి మనిషిగా కనబడదు, తోటి మగాళ్లు ఆమెని రోజూ ఏదో ఒకరకంగా సతాయిస్తూనే ఉంటారు. జనవరి చలిలో నైట్ డ్యూటీ అయిపోతుండగా ఒక కేసు తగులుతుంది: స్టోనీబ్యాటర్ అనే పేటలో ఒక అమ్మాయి ఇంట్లో ఇద్దరికి భోజనం బల్ల సర్ది ఉంటుంది, ఆమె మాత్రం పొయ్యి పక్కన చచ్చిపడి ఉంటుంది. ఆ రాత్రి భోజనానికి రావాల్సింది ఒక పుస్తకాల షాపు అతను. ఇంకేముంది, ప్రియుడే చంపాడు, తొందరగా తేల్చేయండి అని ఒక సీనియర్ వెంటపడతాడు. ఎందుకంత తొందర? నవలంతా ఆ ప్రశ్న చుట్టూనే.

నాకు ఇందులో బాగా నచ్చింది విచారణ గది. ఛేజింగులు, కాల్పులు దాదాపు లేవు. అనుమానితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఇద్దరు పోలీసులు మాటలతో నెమ్మదిగా బిగించే సీన్లు ఒక్కోటి పేజీలకి పేజీలు సాగుతాయి, ఎవరు ముందు మెత్తగా మాట్లాడాలి, ఏ కాగితం ఎప్పుడు బయటికి తీయాలి, ఎక్కడ కావాలని తప్పుగా చెప్పి అవతలివాడు సరిదిద్దేలా చేయాలి, అదంతా చూస్తుంటే టీ చల్లారిపోయినా తెలియదు. పోలీసు పని అంటే మాట్లాడించడమే అని ఇంత ఓపిగ్గా చూపించిన నవల నేను ఇంకోటి చదవలేదు. ఓపిక లేనివాళ్లకి సాగదీసినట్టు అనిపిస్తుంది, అదీ నిజమే, వంద పేజీలు తగ్గించినా నష్టం లేదు. ఇంకోటి, డబ్లిన్ కాజిల్ ఆవరణలో మర్డర్ స్క్వాడ్ అని ఆమె పెట్టిన విభాగం కల్పన. ఐర్లాండ్‌లో ఇప్పుడు హత్య ఎక్కడ జరిగితే అక్కడి డిటెక్టివ్‌లే చూస్తారు, అవసరమైతే జాతీయ స్థాయి విభాగం సాయానికి వస్తుంది. యాస విషయంలో కొంచెం ఓర్చుకోవాలి: గాఫ్ అంటే ఇల్లు, గాఫర్ అంటే పై అధికారి, పోలీసుల్ని గార్డ్స్ అంటారు.

ఇక బెల్‌ఫాస్ట్. ఒకే ద్వీపం గానీ రాజ్యం వేరు, అది బ్రిటన్ కింద ఉంది, పోలీసు శాఖ కూడా వేరు. డబ్లిన్‌లో యూనిఫాం వేసుకున్న గార్డా నడుముకి తుపాకీ ఉండదు, అదే 1981 నాటి బెల్‌ఫాస్ట్ పోలీసు తుపాకీ లేకుండా బయటికి రాడు, ఇంటి ముందు కారెక్కే ముందు రోజూ వంగి కింద చూసుకోవాలి. పాదరసం స్విచ్ పెట్టిన బాంబు అంటించి ఉంటే కారు కాస్త వంగగానే పాదరసం జారి పేలిపోతుంది. బ్రిటన్ నుంచి విడిపోవాలనే క్యాథలిక్‌లకీ, బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లకీ మధ్య దశాబ్దాలు నడిచిన ఆ గొడవల్లో అక్కడి పోలీసులు దాదాపు 300 మంది చనిపోయారు. ఏడ్రియన్ మెకింటీ 2012లో రాసిన ద కోల్డ్ కోల్డ్ గ్రౌండ్‌లో షాన్ డఫీ అనే పోలీసు డిటెక్టివ్ ప్రతి ఉదయం అలా వంగి చూసుకుంటాడు. పైగా అతను క్యాథలిక్, ఆ శాఖలో పదిమందికి ఒక్కరు కూడా క్యాథలిక్‌లు ఉండేవాళ్లు కాదు. తనవాళ్లకి ద్రోహి, తోటి పోలీసులకి అనుమానం, కాపురం ఉండేది ప్రొటెస్టెంట్ల వీధిలో.

కథాకాలం ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది. బ్రిటన్ మీద ఆయుధాలతో పోరాడిన ఐఆర్ఏ మనిషి, జైల్లో నిరాహార దీక్ష చేసిన బాబీ శాండ్స్ 66 రోజుల తర్వాత 1981 మే 5న చనిపోయాడు, ఊళ్లు భగ్గుమన్నాయి. పొట్టి శ్రీరాములు గారి దీక్ష, ఆయన పోయాక జరిగిన గొడవల గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్న మనకి ఆ వేడి ఎలా ఉంటుందో వివరించక్కర్లేదు. ఆ మంటల మధ్య డఫీకి ఒక శవం దొరుకుతుంది, కోసేసిన చెయ్యి పక్కన పడి ఉంటుంది, తీరా చూస్తే ఆ చెయ్యి ఇంకొకరిది. చంపుతున్నవాడి గురి స్వలింగ సంపర్కుల మీద అని తేలుతుంది. అప్పటికి అక్కడ అది చట్టరీత్యా నేరం, 1982లో గానీ మారలేదు. కాబట్టి సాక్షులు నోరు విప్పరు, విప్పితే వాళ్లే లోపలికి. రాత్రుళ్లు అల్లర్లు, పగలు బాంబులు, ఫోరెన్సిక్ వాళ్లకి ఊపిరాడదు, అలాంటప్పుడు ఒక మామూలు హత్యని ఎవరు పట్టించుకుంటారు? ఈ ప్రశ్న నన్ను పట్టి కూర్చోబెట్టింది. జోకులు కూడా ఉన్నాయి, నల్లటి జోకులు, నవ్వాక సిగ్గేస్తుంది.

లోపం లేదని కాదు. చివరికొచ్చేసరికి డఫీ పోలీసు పద్ధతి వదిలేసి సినిమా హీరోలా ప్రవర్తిస్తాడు, ట్రెస్పాసర్ చూపించే ఓపిక ఇక్కడ కనబడదు. ఇంకోటి, కథ ఎక్కువ భాగం నడిచేది బెల్‌ఫాస్ట్ పక్కనున్న క్యారిక్‌ఫెర్గస్‌లో, రచయిత పెరిగిన ఊరది, అందుకే వీధుల వివరం అంత గట్టిగా ఉంటుంది. వినే అలవాటు ఉంటే జెరార్డ్ డోయిల్ చదివిన ఆడియో వినండి, ఆ యాస కాగితం మీద సగమే తెలుస్తుంది.

గాల్వే వంతు. డెర్వ్లా మెక్‌టియర్నన్ రాసిన ద రూయిన్ (2018) మూడింట్లోనూ తేలిగ్గా చదివించేది, వీకెండ్‌లో అయిపోతుంది. 1993లో కొత్తగా ఉద్యోగంలో చేరిన కార్మాక్ రైలీ ఒక పాడుబడ్డ ఇంటికి వెళ్తే పైన తల్లి శవం, కింద పదిహేనేళ్ల అక్క, ఐదేళ్ల తమ్ముడు. ఇరవై ఏళ్లకి ఆ తమ్ముడు కారిబ్ నదిలో శవమై తేలతాడు, పోలీసులు ఆత్మహత్య అనేస్తారు, డబ్లిన్ నుంచి గాల్వేకి బదిలీ మీద వచ్చిన రైలీకి నమ్మకం కుదరదు. చిన్న ఊళ్లో అందరికీ అందరూ తెలుసు, స్టేషన్లో కూడా అంతే, ఎవరు ఎవరి మనిషో తెలియక పక్క టేబుల్ వాడితో మాట్లాడాలన్నా టెన్షన్. చనిపోయినవాడి స్నేహితురాలు డాక్టరు, కథ మొదట్లోనే ఆమె గర్భవతి అని తెలుస్తుంది, అప్పటి ఐర్లాండ్ చట్టం అబార్షన్‌కి ఒప్పుకోదు. 2012లో అదే గాల్వేలో మన కర్ణాటక అమ్మాయి సవితా హలప్పనవర్ అబార్షన్ అడిగినా చేయకపోవడంతో ఎలా చనిపోయిందో గుర్తున్నవాళ్లకి ఆ పేజీలు మామూలుగా అనిపించవు. 2018 రెఫరెండం తర్వాత గానీ ఆ నిషేధం పోలేదు. దర్యాప్తు మాత్రం మధ్యలో కొంచెం పలచన, కొన్ని ఆధారాలు అడగకుండానే ఒళ్లోకి వచ్చి పడతాయి. గాల్వే వర్షం బాగా పడింది గానీ వీధులు నాకు డబ్లిన్, బెల్‌ఫాస్ట్ అంత గట్టిగా కంటికి కనబడలేదు.

కాబట్టి పోలీసు పనే చూడాలంటే ద ట్రెస్పాసర్, ఊరు కావాలంటే ద కోల్డ్ కోల్డ్ గ్రౌండ్, రైలు ప్రయాణానికైతే ద రూయిన్. ఒక్కటే చెప్పమని గొంతు మీద కూర్చుంటే నా ఓటు బెల్‌ఫాస్ట్‌కే, చివర్లో ఎంత సినిమా చూపించినా. ఇన్ ద వుడ్స్ ఈ మూడూ అయ్యాక చదవండి, అప్పటికి తేలని ముడిని భరించే ఓపిక వస్తుంది.

మేనకోడలికి మాత్రం ద ట్రెస్పాసరే ఇచ్చాను, వెళ్లేది డబ్లిన్ కదా. నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది, నూటయాభై పేజీలయ్యాయట, హంతకుడెవరో తెలిసిపోయిందట. పేరు చూశాను. తప్పు. ఇంకా జవాబివ్వలేదు.