ఫౌండేషన్ ఇయర్‌తో కంప్యూటర్ సైన్స్: నాలుగో ఏట రాస్తున్న సమీక్ష

బ్రిటన్‌లో ఫౌండేషన్ ఇయర్‌తో, అంటే డిగ్రీ మొదటి ఏడాదికి ముందు పునాది కోసం చదివే ఏడాదితో కలిపి, నాలుగేళ్ల బీఎస్సీ చదువుతున్నాను. ఇప్పుడు ఆఖరి ఏడాది. సిలబస్ సంగతి బ్రోషర్లలో ఉంటుంది, దాని జోలికి పోను. నాకు చెప్పాలనున్నది ఆ ఫౌండేషన్ ఏడాది ల్యాబ్‌లో ఒక సాయంత్రం గురించి.

ఇంటర్‌లో నాది బైపీసీ. లాగరిథమ్ అంటే కెమిస్ట్రీలో పీహెచ్ దగ్గర తగిలిన మాట, అంతే. మూడో వారమో నాలుగో వారమో, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో టికెట్ మెషిన్ ప్రోగ్రామ్ రాయమన్నారు. పది పెన్నీల నాణేలు మూడు వేస్తే ముప్ఫై పెన్నీల టికెట్ రావాలి. నేను పౌండ్లలో రాశాను, 0.1 చొప్పున మూడుసార్లు కూడి, 0.3తో సమానమైతే టికెట్ ఇవ్వమని. రాలేదు. గంటసేపు ఆ కండిషన్‌నే అటూ ఇటూ మార్చాను. చివరికి మొత్తం ఎంతో ప్రింట్ చేస్తే 0.30000000000000004 అని వచ్చింది. కంప్యూటర్‌కి కూడికలు రావా అని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ట్యూటర్‌ని పిలిస్తే జవాబు చెప్పలేదు. ఒక కాగితం ఇచ్చి, 0.1ని బైనరీలోకి, అంటే కంప్యూటర్ వాడే సున్నాలు, ఒకట్ల లెక్కలోకి మార్చమన్నారు. రెండుతో గుణించడం, పాయింటు ముందున్న సున్నానో ఒకటినో పక్కన రాసుకోవడం, మిగిలినదాన్ని మళ్లీ గుణించడం. 0.2, 0.4, 0.8, 1.6, 1.2. ఒకటి తీసేస్తే మళ్లీ 0.2! అర పేజీ నిండా 0011, 0011 అని రాసుకుంటూ పోయాక విషయం అర్థమైంది. మూడో వంతును 0.333 అని రాయబోతే ఎలా తెగదో, బైనరీలో పదో వంతు కూడా అలాగే తెగదు. ఒక సంఖ్యకి మెషిన్ ఇచ్చేది 64 బిట్లే (సున్నానో ఒకటో పట్టే గళ్లు) కాబట్టి ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. లెక్కంతా పెన్నీల్లో, పూర్ణసంఖ్యలతో చేస్తే గొడవే లేదు. మరుసటి ఏడాది నేరుగా చేరినవాళ్లలో కొందరు "ఫ్లోట్లను (కంప్యూటర్‌లో ఇలాంటి దశాంశ సంఖ్యలను) అలా పోల్చకూడదు" అని కంఠతా పట్టి వచ్చారు. ఎందుకు పోల్చకూడదో నేను కాగితం మీద చూపించగలిగాను. ఆ గర్వం చాన్నాళ్లు ఉంది.

చాన్నాళ్లంటే, సీ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష మొదలయ్యేదాకా. ఫౌండేషన్‌లో అంతా పైథానే కాబట్టి మెమరీ ఎవరిస్తున్నారో, వాడాక ఎవరు ఊడుస్తున్నారో చూసుకునే పని ఎప్పుడూ పడలేదు. పాయింటర్లు (మెమరీలో చోటు ఎక్కడుందో చెప్పే అడ్రసులు) వచ్చాక ఏది నొక్కినా సెగ్మెంటేషన్ ఫాల్టే, అంటే తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ ఆగిపోవడమే. ఇంకో సంగతి, ఫౌండేషన్ మార్కులు మా డిగ్రీ గ్రేడ్‌లో కలవవు. అది తెలిసి ఇండక్షన్ ప్రూఫ్‌లను (ఒక సంఖ్యకి నిజమైతే తర్వాతి దానికీ నిజమేనని చూపిస్తూ అన్నిటికీ నిరూపించే లెక్కలను) పక్కన పడేశాను. అవి కాస్తా అల్గారిథమ్స్ పరీక్షలో ఎదురొచ్చి కూర్చున్నాయి. అందులో సగం తప్పు నాదేలెండి.

లెక్కలు చదువుకుని, నేరుగా డిగ్రీ మొదటి ఏడాదిలో సీటు దొరికేవాళ్లు దీనికి అదనంగా ఒక ఏడాది ఫీజు ఎందుకు పోయాలో నేను చెప్పలేను. నేనైతే అక్క వాళ్లింట్లో ఉండబట్టి నెట్టుకొచ్చాను. అద్దె కూడా కట్టాల్సి వచ్చుంటే ఇంత మెచ్చుకునేదాన్నో లేదో. చేరే ముందు ఒక్కటి అడగండి: ఫౌండేషన్ నుంచి డిగ్రీ మొదటి ఏడాదిలోకి వెళ్లడానికి ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు కావాలి అని. మా దగ్గర పాస్ మార్కు 40 అయినా, లెక్కల్లో మాత్రం 50 ఉండాలన్నారు. నాకు 53 వచ్చాయి.