మడ అడవికి డబ్బు: సీఎస్ఆరా, చిన్న గ్రాంటా?

"మాస్టారూ, ఫలానా కంపెనీవాళ్లు సీఎస్ఆర్ కింద ఇస్తామంటున్నారు. ఇంకా ఆ చిన్న గ్రాంటుకి అర్జీ పెట్టుకోవడం ఎందుకండీ?" తీరం వెంట మడ అడవిని తిరిగి పెంచుతున్న ఊళ్ల కమిటీవాళ్లు ఈ ఏడాది నన్ను ఎక్కువగా అడిగింది ఇదే. కృష్ణా డెల్టాలోని మా ఊరు కూడా మొన్ననే ఈ సంగతి తేల్చుకుంది. అందుకే రాస్తున్నాను.

సీఎస్ఆర్ అంటే కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం ఖర్చుపెట్టాల్సిన సొమ్ము. అందులో పెద్ద మొత్తం దొరికే అవకాశం ఉంది. రెండోది ప్రపంచ పర్యావరణ నిధి (జీఈఎఫ్) చిన్న గ్రాంట్ల పథకం. 1992 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) ద్వారా నడుస్తోంది. ఒక్కో ప్రాజెక్టుకు చాలాకాలం పాటు 50,000 డాలర్ల వరకే ఇచ్చారు. కానీ ఎంత ఇస్తారన్నదానికంటే ఏ నెలలో ఇస్తారన్నదే నేను ముందు అడుగుతాను.

ఎందుకో మడ పని చూసినవాళ్లకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో ఉప్పు నేల గట్టిపడి ఉన్నప్పుడు కాలువలు తవ్వాలి. పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా చేప ముల్లులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటుకి నీళ్లు లోపలికొస్తాయి, ఆటుకి నేలలోని ఉప్పును తీసుకుని వెళ్తాయి. వానలకు నేల ఇంకొంచెం చప్పబడుతుంది. వానాకాలం చివర్లో తెల్ల మడ గింజలు ఏరి నాటుతాం. పని అక్కడితో అయిపోదు. పోటుతో వచ్చిన ఒండ్రు ఏడాది తిరిగేసరికి పిల్ల కాలువల్ని పూడ్చేస్తుంది. తర్వాతి వేసవిలో పూడిక తీయకపోతే నీరు ఆగిపోతుంది, ఉప్పు మళ్లీ పైకొస్తుంది. అంటే కనీసం మూడు వేసవులపాటు డబ్బు అందుతూ ఉండాలి.

కంపెనీ లెక్కలు మార్చి 31తో ముగుస్తాయి. మాకు ఒక కంపెనీ ఫిబ్రవరి ఆఖర్లో డబ్బిచ్చి, మార్చి నెలాఖరు దాటకుండా బిల్లులన్నీ కావాలంది. తొందరపడి కాలువలు తవ్వాం, మార్చిలోనే నర్సరీ సంచుల్లోని మొక్కలు నాటేశాం. మే నెలలో వెళ్లి కాండం మీద గోటితో గీరితే పచ్చదనం లేదు. వరసకు వరస అంతే. కూలికి వచ్చిన ఆడవాళ్లు ఆ మోడుల్ని చేత్తో పీకి గట్టున పడేస్తుంటే చూడలేకపోయాను.

అలాగని సీఎస్ఆర్‌ను కొట్టిపారేయను. చట్టంలోనే దారి ఉంది. కంపెనీ బోర్డు దీన్ని 'కొనసాగే ప్రాజెక్టు'గా తీర్మానిస్తే, మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లు నడపొచ్చు. ఖర్చుకాని సొమ్మును ఏప్రిల్ 30లోగా విడి ఖాతాలో వేస్తారు. ఈ మాట మొదటి సమావేశంలోనే అడగండి, ఒప్పందంలో రాయించుకోండి. రాస్తే నిశ్చింతగా తీసుకోవచ్చు. రాయకపోతే నేనైతే తీసుకోమనను. ఇంకో చిక్కు: కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు, ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు ఉన్న సంస్థకే కంపెనీ డబ్బిస్తుంది. ఊరి కమిటీకి అవి ఉండవు కాబట్టి పట్నంలోని సంస్థ చేతిమీదుగా రావాల్సిందే.

చిన్న గ్రాంటులో పనుల పట్టిక మనమే రాస్తాం. పనినిబట్టి వాయిదాల్లో ఇస్తారు. ఊరి వాటా చూపించాలి కానీ అది నగదే కానక్కర్లేదు. మనవాళ్ల శ్రమదానం, పడవలు కూడా లెక్కలోకి వస్తాయి. ప్రణాళిక తయారీకి విడిగా చిన్న మొత్తం అడిగే వీలూ ఉంది. విదేశీ డబ్బంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) భయం ఉంటుంది. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడానికీ లేదు. అయితే ఐక్యరాజ్యసమితిని ఆ చట్టం విదేశీ మూలంగా లెక్కించదు.

కష్టాలూ చెప్పాలి. మన దేశంలో ఇటీవల టెరీ అనే ఢిల్లీ పరిశోధన సంస్థ నడుపుతున్న ఈ చిన్న గ్రాంట్ల పథకం ఎంచుకున్న ప్రాంతాలకే పరిమితం. పిలుపు వచ్చేదాకా ఆగాలి, నివేదికలు చాలా రాయాలి. మా కమిటీ కుర్రాళ్లు విసుక్కున్నారు కూడా. 1977 ఉప్పెన చూసిన పెద్దవాళ్లే ఆగుదామన్నారు.

మిగతావాటిలో, పంచాయతీ జీవవైవిధ్య కమిటీ నిధి చిన్నది, ఊళ్లోని మొక్కలు, జంతువుల వివరాలుండే జీవవైవిధ్య రిజిస్టరు రాసుకోవడానికి సరిపోతుంది. మడ అడవుల పెంపకానికి 2023లో వచ్చిన మిష్టీ పథకం కేంద్ర ప్రభుత్వానిది, ఊరి చేతికి డబ్బు రాదు. ఏది తీసుకున్నా అది అటవీ భూమైతే శాఖ అనుమతి తప్పదు, దానికి ముందే తిరగండి.

మేం చిన్న గ్రాంటుకే అర్జీ పెట్టాం. అందులో మూడో వేసవి పూడికతీతకు విడిగా ఒక పద్దు రాశాం: 12 మంది, 20 రోజులు, 2 పడవలు.