మంగలికత్తికి ఏ పట్టా మేలు: చెక్కదా, వేలాడేదా?

తిరుపతిలో ఏ సెలూన్‌కు వెళ్లినా ఇప్పుడు సగం బ్లేడు పెట్టే కత్తే కనబడుతుంది. ఒకరి రక్తం ఇంకొకరికి అంటకూడదు కాబట్టి పదిమందికి గీసే చోట అదే సరైన పద్ధతి. ఇంట్లో మన గడ్డం మనమే గీసుకునేటప్పుడు మాత్రం పాతకాలపు మడత కత్తికి సాటి లేదు. పదును కాపాడుకుంటే అది జీవితాంతం వస్తుంది. కొత్తగా కత్తి కొన్న కుర్రాళ్లు వెంటనే అడిగేది దాని పదును నిలబెట్టే తోలు పట్టా గురించే: "అన్నా, చెక్కకు అతికించింది కొనాలా, వేలాడదీసేది కొనాలా?"

మొదట చెక్కదే కొనండి. ఎందుకో చెబుతాను.

గడ్డం గీసినప్పుడల్లా కత్తి అంచు కంటికి కనబడనంతగా అక్కడక్కడా వంగుతుంది. తోలు దాన్ని మళ్లీ నిలబెడుతుంది. సానరాయి ఉక్కును అరగదీస్తుంది, తోలు దాదాపు అరగదీయదు. అందుకే రాయి పని కొన్ని నెలలకోసారి, తోలు పని గీసుకునే ప్రతిసారీ.

వేలాడే పట్టాతో చిక్కేమిటంటే, ఎడమచేత్తో దాన్ని బిగించి పట్టుకుంటూనే కుడిచేత్తో కత్తి నడపాలి. పట్టు కాస్త సడలిందా, తోలు మధ్యలో కుంగి అంచును చుట్టేస్తుంది. పదును పెరగకపోగా గుండ్రబడుతుంది. చెక్క మీద అతికించిన తోలుకు ఈ బాధ లేదు. మీ ధ్యాసంతా కత్తి మీదే పెట్టొచ్చు.

ధ్యాస పెట్టాల్సింది కత్తిని తిప్పే మలుపు దగ్గర. కత్తిని పడుకోబెడితే వెన్ను, అంచు రెండూ తోలుకు ఆనాలి. వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. పట్టా చివరికి రాగానే ఆగి, వెన్నును తోలు మీదే ఉంచి, అంచును పైనుంచి అవతలికి తిప్పాలి. మణికట్టు మెలిపెట్టకూడదు. అలుగుకూ పిడికీ నడుమ ఉండే సన్నటి కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పెన్సిల్‌లా దొర్లించాలి. వెన్ను లేచి అంచు ముందు తగిలిందంటే తోలు తెగినట్టే. చేత్తో అదమకండి, కత్తి బరువుకు కాస్త ఎక్కువైతే చాలు. తొందరపడొద్దు, వేగం దానంతటదే వస్తుంది. అప్పటిదాకా బ్రెడ్డుకు జామ్ పూసే మొద్దు కత్తితో సాధన చేసినా మంచిదే. గీసుకునే ముందు 30 నుంచి 50 సార్లు పోను, రాను లాగితే సరిపోతుంది.

పట్టా 3 అంగుళాల వెడల్పుంటే కత్తి మొత్తం ఒకేసారి ఆనుతుంది. అంతకన్నా సన్నదైతే కాస్త ఐమూలగా లాగాలి, కొత్తవాళ్లకు అదొక టెన్షన్.

అలాగని వేలాడే పట్టాను తక్కువ చేయను. చేయి కుదిరాక నాకు అదే ఇష్టం. పొడవెక్కువ కాబట్టి మలుపులు తగ్గుతాయి, వెనక గుడ్డ పట్టా కూడా ఉంటే తోలుకు ముందు దాని మీద లాగొచ్చు. అంచు ఆకారమే కొద్దిగా వంపు తిరిగిన పాత కత్తులకు వేలాడే తోలులోని ఆ కాస్త సాగుడే మేలు చేస్తుంది. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టలేకపోతే కిటికీ కమ్మీకి తగిలించుకోవచ్చు. నడుముకు పెట్టుకునే బెల్టు మాత్రం వద్దు, దాని కుట్లు, రంగుపూత అంచును పాడుచేస్తాయి.

తోలు విషయంలో చిత్తూరు వాళ్లది అదృష్టం. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి లాంటి తోలు ఊళ్లు పక్కనే. చెట్టు బెరడుతో ఊనిన (పచ్చితోలు కుళ్లకుండా శుద్ధి చేసిన) తోలు అడగండి. తోలు ఊనడానికి ఒకప్పుడు మన తంగేడు బెరడునే వాడేవాళ్లు. మచ్చలేని ముక్క దొరికితే వడ్రంగి చేత చదును చేయించిన పలకకు అతికించుకోవచ్చు. పదును పెట్టడానికి వాడే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు దీనికి పూయొద్దు. అది ఉక్కును అరగదీస్తుంది, దానికి వేరే ముక్క పెట్టుకోండి.

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక ఇంకో జాగ్రత్త. ఇలాంటి కత్తులు ఎక్కువగా కార్బన్ స్టీలువే, తడి ఉంటే తుప్పు పడతాయి. పిడి లోపల కూడా తుడిచి, కాసేపు తెరిచి ఆరనిచ్చి, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాయండి. కత్తినీ పట్టానూ బాత్‌రూములో ఉంచొద్దు.

ఇంత చేసినా కత్తి వెంట్రుకను కోయకుండా పీకుతుంటే, ఇంకో పట్టా కొన్నందువల్ల లాభం లేదు. అది 12000 నంబరు సానరాయి (చాలా నున్నటి రాయి) పని, మొదట్లో చేయి తిరిగినవాళ్ల చేతే చేయించండి.