పొగ బాగానే వచ్చింది, మందు కప్పులోనే ఉండిపోయింది

అరచేతిలో పట్టే నెబ్యులైజర్ (మందును పొగలా మార్చి పీల్పించే యంత్రం) కొనాలనుకుంటున్న తల్లిదండ్రులు కాస్త ఆగండి. మేము ఆన్‌లైన్‌లో 1,100 రూపాయలకు ఒకటి తెప్పించాం. చప్పుడు చేయదు, పిల్లలు భయపడరు అని రాశారు. నిజమే, చప్పుడు లేదు. పని కూడా లేదు.

మా బాబుకు రెండున్నరేళ్లు. జలుబు చేస్తే చాలు, పిల్లికూతలు మొదలవుతాయి. డాక్టరు గారు ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించే బుడెసోనైడ్ రాసి, నెబ్యులైజర్‌తో రోజుకు రెండుసార్లు పట్టమన్నారు. నాలుగు రోజులు పట్టాం. సన్నటి పొగ చూసి మురిసిపోయాం కూడా. ఐదో రాత్రి వాడు డొక్కలు ఎగరేస్తుంటే ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డాక్టరమ్మ చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టారు. 58. ఏడాది దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో 40కి చేరితేనే వేగం ఎక్కువన్నట్టు. ఆక్సిజన్, ఊపిరి గొట్టాలను తెరిచే సాల్బుటమాల్ పెట్టాక తెల్లవారుజాముకు తేరుకున్నాడు.

మర్నాడు ఆవిడకు మా యంత్రం చూపించాను. అది అల్ట్రాసోనిక్ రకమట. బుడెసోనైడ్ నీళ్లలో కరిగిపోయే మందు కాదు, సన్నటి రేణువులు తేలే ద్రవం. ఈ రకం యంత్రం నీటినైతే పొగ చేస్తుంది గానీ, రేణువుల్లో చాలావరకు అడుగునే మిగులుతాయి. కప్పులో రోజూ తెల్లటి పొర కనిపించేది. నేను దాన్ని శుభ్రంగా కడిగేసేదాన్ని! ఈ మందుకు గాలి పంపుతో నడిచే, గుర్రుమని మోగే కంప్రెసర్ రకమే కావాలట.

పెట్టె మీద లైసెన్సు నంబరు లేదు, దిగుమతిదారు పేరూ లేదు. మన దేశంలో నెబ్యులైజర్ వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తుంది, ఆ వివరాలు లేబుల్ మీద ఉండాలి. కొనేటప్పుడు నేను చూసింది నక్షత్రాలు మాత్రమే. తెరిచిన పరికరం వాపసు తీసుకోబోనని అమ్మకందారు తేల్చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.

ఇప్పుడు మాస్కు ఉన్న స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) ఇన్‌హేలర్ వాడుతున్నాం. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మా అత్తయ్య గారు భయపడ్డారు, నిజానికి నేనూ భయపడ్డాను. డాక్టరమ్మ నవ్వి, నెబ్యులైజర్‌లో పోసేదీ అవే మందులు కదా అన్నారు. మాస్కు ముఖానికి ఆనించి, ఒక్కో పఫ్‌కు ఐదారు ఊపిరులు పీల్చేదాకా ఉంచాలి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి గాలికి ఆరనివ్వాలి, లోపల గుడ్డతో తుడవకూడదు. తుడిస్తే ప్లాస్టిక్‌కు మందు అంటుకుంటుందట.