పెండ హౌజు మీద 500 మైక్రాన్ల షీటు: ఏండ్లు వాడినంక చెప్తున్న

మా నాందేడ్ జిల్లా (మహారాష్ట్ర) ధర్మాబాద్ దిక్కు డెయిరీ పెట్టుకున్నోళ్ళు పెండ హౌజు మీద ఏసే షీటు సంగతి అడుగుతనే ఉన్నరు, అందుకే రాస్తున్న. శేత్‌తళే, అంటే చేన్ల నీళ్ళ కుంట, దాని అడుగుకు పరుస్తరు చూడున్రి, ఆ 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు మందం) నల్ల షీటే, మా స్లర్రీ (పెండ, మూత్రం కలిసిన జారు) హౌజు మీద ఇన్ని ఎండలు వానలు పడ్డా ఇంకా గట్టిగనే ఉంది. నీలం తాడిపత్రి (టార్పాలిన్) మాత్రం వద్దు, మా నాందేడ్ ఎండకు ఒక్క ఎండాకాలంలనే పోగులు పోగులై రాలిపోతది.

షీటు ఏసినంక హౌజు కాడ నిలబడితే ముక్కు పగిలే ఘాటు చానా తగ్గింది, ఆ ఘాటు అమ్మోనియా గ్యాసుదే. యూరప్ లెక్కల్లో తేలే షీటుతోని అమ్మోనియా 60 శాతం దాకా తగ్గుతదంటరు, బిగుతు మూత అయితే 80, పెండ మీద తనంతల తనే మీగడ లెక్క కట్టే పొర అయినా 40 దాకా ఆపుతదంట, కానీ మనం కలబెట్టంగనే ఆ పొర పాయె.

అయితే పొద్దున కొట్టంలకు పోతే కండ్లు మండుడు ఉంటది కదా, అది షీటుతోని పోదు. మూత్రంల యూరియా ఉంటది, పెండల యూరియేజ్ అనే ఎంజైము ఉంటది, రెండు కలిస్తే కొన్ని గంటల్లనే అమ్మోనియా పుట్టుడు షురూ అయితది. అందుకే నేల వాలు మంచిగ ఉండాలె, మూత్రం నిలవకుండ మోరిలకు జారిపోవాలె, పెండ ఎప్పటికప్పుడు గీకెయ్యాలె. దూడలు దగ్గుతుంటే ముందు మోరి చూడున్రి, షీటు తర్వాత. ఇంకోటి, వాసన పోతదని కొందరు సున్నం చల్లుతరు, అట్ల అస్సలు చెయ్యొద్దు, పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే లెక్క) పెరిగి, అంటే క్షారం ఎక్కువై, అమ్మోనియా ఇంకా ఎక్కువ లేస్తది. డెన్మార్క్‌ల ఉల్టా సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి పీహెచ్ 5.5 దాకా దింపుతరు, మిషన్లు, ట్రైనింగ్ ఉన్నోళ్ళ పని అది, మన కొట్టంల వద్దే వద్దు.

షీటుతోని తిప్పలు లేవని కాదు. వానాకాలం నడుమల నీళ్ళు నిలిచి షీటు కుంగుతది, చిన్న మోటర్ పెట్టి తోడాల్సిందే. కింద గ్యాస్ జమ అయితది, దాంట్ల మీథేన్ ఉంటది, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటది, ప్రాణం తీసే గ్యాసులు అవి. పైపు పెట్టి పైకి వదలాలె, దగ్గర బీడీ ముట్టియ్యొద్దు, హౌజులకు మనిషి దిగుడు అనే మాటే రావద్దు. బయోగ్యాస్ ఉన్నోళ్ళకైతే షీటు ఇంకా అవుసరం, ప్లాంటు నుంచి బయటికొచ్చే స్లర్రీల అమ్మోనియం (అమ్మోనియాగా మారేది), పీహెచ్ రెండూ ఎక్కువే.

అసలు నష్టం ఎక్కడంటే చేన్ల. హౌజుల అంత కాపాడి, మధ్యాహ్నం ఎండల బకెట్లతోని చిమ్మితే దాచిన నత్రజని అంతా అమ్మోనియా అయి గాలికే పోతది. మన నల్లరేగడి ముందే క్షారం నేల, ఇంకా జల్ది పోతది. నేనైతే మబ్బు పట్టిన రోజో, పొద్దుగూకినంకనో, పైపు మూతి నేలకు ఆనిచ్చి సాళ్ళల్ల పారిస్త, ఖాళీ చేను అయితే ఎనకనే గుంటుక తోలుత. నేపియర్ గడ్డిల గుంటుక నడవదు కాబట్టి పారిచ్చినంక తేలికగ తడి ఇస్త. అట్ల చేసిన మడిల గడ్డి పచ్చదనమే వేరే, యూరియా బస్తాలు కూడ తక్కువ తెస్తున్న.

కొనేటోళ్ళు షీటు మీద ఐఎస్ 15351 (ఇసొంటి షీట్లకు ఉన్న భారత ప్రమాణం నంబరు) ముద్ర చూసుకోన్రి, హౌజు కొలత కన్న నాలుగు దిక్కుల కొంచెం ఎక్కువ తీసుకోన్రి, అతుకులు ఉంటే దుకాణంలనే వేడి వెల్డింగ్ చేపిచ్చుకోన్రి, గమ్ము టేపు పెట్టి ఇస్తమంటే మాత్రం ఒప్పుకోకున్రి.