భీమవరం అద్దె నవలల షాపు

సరదా ప్రేమ నవలలు ఇష్టమైతే భీమవరం మార్కెట్ వెనక సందులో ఉన్న అద్దె పుస్తకాల షాపుకి తప్పకుండా వెళ్లండి. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను విప్పి, వరసగా పేర్చి, దారంతో కుట్టిన బైండ్లే అక్కడి అసలు సొత్తు. కథ పక్కనే అప్పటి చీరల ప్రకటనలూ ఉంటాయి, నాకవి భలే ఇష్టం.

ఈసారి తెచ్చుకున్నదాంట్లో హైదరాబాద్ హాస్టల్లో ఉండే ముగ్గురు స్నేహితురాళ్లు. 2003లో ఆపేసిన ఆ పాత డబుల్ డెక్కర్ బస్సులో, పైన ముందు సీటు కోసం పోట్లాడుకుంటూ ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్తుంటారు. ఒకమ్మాయి ప్రేమ సంగతి ఆమెకన్నా ముందే మిగతా ఇద్దరూ కనిపెట్టేస్తారు. హీరోకన్నా వాళ్ల గిల్లికజ్జాలే బాగా నచ్చాయి.

అద్దె తక్కువే. "చివరి పేజీ ఉందో లేదో చూసుకుని పట్టుకెళ్లమ్మా" అని బాబాయిగారే చెబుతారు. ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి.